ఎలుక ఛాతీలో దొరికిన మందు

నేను రాజోలు దగ్గర స్కూల్లో చదువుకునే రోజుల్లో ఏడాదికోసారి ఆరోగ్య కార్యకర్త క్లాసులోకి వచ్చేది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులో తెల్లటి బిళ్లలు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి రెండు, ఆపైన అందరికీ మూడు. వాటితోపాటు ఆల్బెండజోల్ బిళ్ల ఒకటి. ఎదురుగానే మింగాలనేది రూలు. మాలో కొందరం నాలిక కింద దాచుకుని, బయటికెళ్లి కొబ్బరితోట బోదెలో ఉమ్మేసేవాళ్లం. పెద్ద సాహసం చేసినట్టు ఫీలయ్యేవాళ్లం కూడా. మా తాతమ్మ కాలు అంత లావుగా ఎందుకుండేదో, ఆ కాలికీ ఈ బిళ్లకీ సంబంధం ఏంటో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ బిళ్ల పేరు డైఇథైల్‌కార్బమజైన్. పొట్టిగా డీఈసీ. పాతతరం వాళ్లకి హెట్రజాన్ అంటే వెంటనే తెలుస్తుంది. బోదకాలు, అంటే ఫైలేరియా మందు. ఇంజినీరింగ్ అయ్యాక, కొత్త మందుల్ని కంప్యూటర్‌తో ఎలా వెతుకుతున్నారో బ్లాగులో రాద్దామని చదువుతుంటే, పాతకాలంలో ఎలా వెతికేవాళ్లో తెలిపే కథ ఒకటి తగిలింది. అది ఈ బిళ్ల కథే. దీన్ని మొదట పరీక్షించింది మనుషుల మీద కాదట. ఛాతీలో పురుగులు పెరిగే ఒక రకం ఎలుకల్లో, గుండె పక్కనున్న రక్తనాళాల్లో పురుగులు పెరిగే కుక్కల్లో. ఆ పరిశోధన జరిగిన సంస్థకి రీసెర్చ్ డైరెక్టర్‌గా ఉన్నాయన మావైపాయనే. మా రాజోలు నుంచి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీంచి వెళ్తే వచ్చే భీమవరంలో పుట్టాడు. యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారి పేరు మీలో చాలామంది కరెంట్ అఫైర్స్ పుస్తకాల్లో, ఏపీపీఎస్సీ బిట్ బ్యాంకుల్లో చూసే ఉంటారు. ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అని నాలుగు ముక్కలు బట్టీ పట్టి పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. కానీ ఆ జాబితాలో జంతువుల సంగతి ఎక్కడా ఉండదు. ఆయన కథలో నన్ను బాగా పట్టేసింది మాత్రం అదే.

మూడోసారికి పాసైన మెట్రిక్

ఆయన పుట్టింది 1895 జనవరి 12న. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆ ఉద్యోగం కూడా ముందే వదులుకోవాల్సి వచ్చింది. ఇల్లు నడిపింది తల్లి వెంకమ్మ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ప్లాను. ఈ కాలంలో అయితే స్టార్టప్ ఐడియా అనేవాళ్లం. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. రాజమండ్రిలో చదువు సాగలేదు, మెట్రిక్ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. కొడుకు చదువు కోసం వెంకమ్మగారు పుస్తెలు కూడా అమ్మేశారని చెబుతారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్, ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు కూడా. వైద్యం చదివే రోజుల్లో ఖర్చులు భరించింది స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు 1919లో పెళ్లి చేసుకున్నాడు.

గాంధీగారి పిలుపుతో ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది పూర్తి ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్. ఆ పట్టాతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించాడు, రాలేదు. ఆఖరికి మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరర్‌గా చేరాడు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బు అది. సుబ్బారావుకీ అదే వచ్చింది. లక్ష్మీపతిగారి మందుతో బతికాడు. అన్నదమ్ములు ఎందుకు పోయారో, తను ఎందుకు బతికాడో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడ మొదలైందంటారు ఆయన జీవితం రాసినవాళ్లు. అలాంటి వాక్యాల్ని నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. కానీ పాతికేళ్ల తర్వాత స్ప్రూకి పనిచేసే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందమే తయారుచేసిందని తెలిశాక నోరు మూసుకున్నాను.

బెడ్‌పాన్ల నుంచి ల్యాబ్ దాకా

1920ల మొదట్లో అమెరికా బయల్దేరాడు. డబ్బు కొంత మామగారిది, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ వాళ్లది. బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో డిప్లొమాకి చేరాడు. మన దేశపు డాక్టర్ పట్టాకి అక్కడ విలువ లేదు. ఖర్చుల కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తే పని చేశాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు అమెరికాలో ఎంఎస్ చేస్తూ గ్యాస్ స్టేషన్లో నైట్ డ్యూటీ చేసిన నా రూమ్మేట్ గుర్తొచ్చాడు.

డిప్లొమా తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఈనాటికీ ల్యాబ్‌లో చేసేది అదే. దాంతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది. పదోన్నతి మాత్రం రాలేదు. ఇంకో పదేళ్లు చిన్న హోదాలోనే నడిచాయి. 1940లో హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలో పర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరాడు. యూనివర్సిటీ నుంచి కంపెనీకి వెళ్లడమంటే అప్పటి సైంటిస్టుల దృష్టిలో ఒక మెట్టు దిగడమే.

లెడర్లీ మొదటి నుంచీ పశువుల మధ్య పెరిగిన కంపెనీ. 1906లో మొదలైనప్పుడు దాని పూర్తి పేరులోనే యాంటీటాక్సిన్ అనే మాట ఉంది. గుర్రాలకి కొద్దికొద్దిగా డిఫ్తీరియా విషం ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు తీసి అమ్మేవాళ్లు. గుర్రపుశాలలు, ఎలుకల బోనులు, కుక్కల షెడ్లు, వాటిని చూసుకునే మనుషులు, పశువైద్యులు, పరాన్నజీవుల నిపుణులు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. సుబ్బారావు కొద్దికాలంలోనే అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యాడు. రసాయన శాస్త్రవేత్తల్ని, వీళ్లందర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ ఎలుక కథ

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు సమోవా లాంటి పసిఫిక్ దీవుల్లో దిగారు. దోమలు కుట్టాయి. కొన్ని నెలలకి వేలమందికి గజ్జల్లో గడ్డలు, చేతులు కాళ్లు వాపులు. స్థానికులు దాన్ని ముము అనేవాళ్లు. మన కోనసీమ మనిషైతే చూడగానే చెప్పేవాడు, ఇది ఫైలేరియా అని. అప్పటికి దీనికి సరైన మందు లేదు. ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిపిన సూదిమందులు వాడి చూశారు. అవి పురుగుతోపాటు మనిషినీ సతాయించేవి.

మందు వెతకాలంటే ముందు జబ్బు ల్యాబ్‌లో ఉండాలి. ఇక్కడే చిక్కు. మనిషిలో బోదకాలు తెప్పించే ఉకరేరియా అనే పురుగు మామూలు ల్యాబ్ జంతువుల్లో పెరగదు. అందుకని దాని చుట్టాల్ని పట్టుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తిరిగే కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకకి సహజంగానే ఒక ఫైలేరియా పురుగు సోకుతుంది. లిటొమొసోయిడిస్ దాని పేరు. ఇది దోమతో రాదు, ఎలుకల మీద ఉండే చిన్న పిడుదులాంటి పురుగుతో వస్తుంది. చేరేది ఛాతీలోకి. ఊపిరితిత్తులకీ పక్కటెముకలకీ మధ్య రెండు పలుచని పొరలుంటాయి, వాటి మధ్య పేరుకి మాత్రం ఉండే ఖాళీ. ఊపిరి పీల్చినప్పుడు ఊపిరితిత్తి జారడానికి అవసరమైన చోటు అది. ఈ పురుగులు ఆ ఖాళీలో తెల్లటి దారాల్లా చుట్టలు చుట్టుకుని కాపురం పెడతాయి. అక్కడి నుంచి వాటి పిల్లలు రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరుగుతాయి. ఈ పిల్లల్నే మైక్రోఫైలేరియా అంటారు.

రెండో జంతువు కుక్క. దోమ కుట్టడం వల్ల కుక్కకి వచ్చే హార్ట్‌వార్మ్ అనే జబ్బు ఉంది. పేరులో గుండె ఉన్నా పురుగులు ఎక్కువగా ఉండేది గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో. ఆడ పురుగు అడుగు దాకా పెరుగుతుంది. నాళాల గోడలు దళసరెక్కుతాయి, రక్తం అందక ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కుక్క దగ్గుతుంది, నాలుగడుగులు పరిగెడితే ఆయాసపడుతుంది. ముదిరితే పొట్టలో నీరు చేరుతుంది.

అంటే మనిషి కాలి వాపుకి మందు వెతకడానికి ఎంచుకున్న రెండు జంతువుల్లోనూ జబ్బు ఉన్నది ఛాతీలోనే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎలుక, కుక్క స్టేజింగ్ సర్వర్లు. మనిషి ప్రొడక్షన్. స్టేజింగ్‌లో పనిచేసింది ప్రొడక్షన్‌లో పనిచేస్తుందని గ్యారంటీ లేదని మనకి తెలుసు కదా. వీళ్లకీ అదే అనుభవం. అదే కాలంలో సయనైన్ అనే రంగుపదార్థాల్ని వేరే పరిశోధకులు ఎలుకల మీద ప్రయత్నించారు. ఛాతీలోని పెద్ద పురుగులు చచ్చాయి. మనుషులకి ఇస్తే ఉపయోగం లేకపోయింది.

లెడర్లీలో పరాన్నజీవుల విభాగం చూసింది హ్యూవిట్. రసాయనాలు తయారుచేసింది శామ్యూల్ కుష్నర్, అతని తోటివాళ్లు. పని చూస్తే విసుగు పుట్టించేదే. ఒక పదార్థం తయారుచెయ్యాలి. జబ్బున్న ఎలుకకి ఇవ్వాలి. రక్తపు చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి మైక్రోఫైలేరియా ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ. లెక్క తగ్గకపోతే ఆ పదార్థాన్ని పక్కనపెట్టి, అణువులో ఒక తోక మార్చి ఇంకోటి తయారుచెయ్యాలి. ఇలా వందల పదార్థాలు దాటాక పిపరజైన్ అనే ఉంగరంలాంటి అణువుకి రెండు వైపులా రెండు ముక్కలు తగిలించిన ఒకటి పనిచేసింది. అదే డీఈసీ. ఎలుకల రక్తంలోంచి, కుక్కల రక్తంలోంచి పిల్ల పురుగులు చూస్తుండగానే మాయమయ్యాయి. అదీ సూది అక్కర్లేకుండా నోటితో ఇచ్చిన మందుతో.

వింత ఏంటంటే, గాజు పాత్రలో పిల్ల పురుగుల మీద ఇదే మందు పోస్తే అవి హాయిగా ఈదుతూనే ఉంటాయి. అంటే జంతువుని పక్కనపెట్టి పాత్రల్లోనే వెతికి ఉంటే ఈ మందు చెత్తబుట్టలోకి పోయేది. తర్వాత కొన్నేళ్లకి లండన్‌లో హాకింగ్ బృందం అసలు సంగతి చూపించింది. మందు పడగానే పిల్ల పురుగులు రక్తంలోంచి కాలేయంలో చిక్కుకుంటాయి, అక్కడ ఒంటి రక్షణ కణాలు వాటిని మింగేస్తాయి. చంపేది ఒళ్లు, దారి చూపేది మందు.

ఇంకో విషయం కూడా ఎలుకలే చెప్పాయి. రక్తం శుభ్రమైనా, ఛాతీలోని పెద్ద పురుగులు చాలావరకు బతికే ఉన్నాయి. మనిషిలోనూ ఒక్క డోసుకి పెద్ద పురుగులన్నీ చావవు. మళ్లీ పిల్లల్ని కంటూనే ఉంటాయి. దోమకి పిల్ల పురుగులు అందకుండా ఏడాదికోసారి రక్తాన్ని కడుగుతూ పోవాలి, అలా కనీసం ఐదేళ్లు. మా క్లాసులోకి ఆవిడ ఏటా డబ్బా పట్టుకుని ఎందుకొచ్చేదో ఇప్పుడు తెలిసింది. మేం బోదెలో ఉమ్మేసిన బిళ్లల వల్ల ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పి ఉంటుందో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

1947లో ఎలుకలు, కుక్కల ఫలితాలు అచ్చయ్యాయి. రచయితల వరుసలో చివరి పేరు సుబ్బారావుది. మొదటి పేరు హ్యూవిట్‌ది. బాస్ పేరు ముందు పెట్టుకునే పద్ధతి ఆయనకి లేదు. అదే ఏడాది ప్యూర్టో రికోలో మనుషుల మీద పరీక్షించి మంచి ఫలితాలు చూశారు.

మళ్లీ పశువుల దగ్గరికి

మనుషుల కోసం పశువుల ద్వారా వెతికిన మందు మళ్లీ పశువులకే చేరింది. అమెరికాలో పెంపుడు కుక్కలకి హార్ట్‌వార్మ్ రాకుండా దోమల కాలమంతా రోజూ డీఈసీ ఇవ్వడం ఏళ్లపాటు అలవాటైంది. దోమ వదిలిన లార్వాలు ఊపిరితిత్తుల నాళాలకి చేరకముందే ఇది అడ్డుకుంటుంది. ఒక ప్రమాదం కూడా ఉంది. అప్పటికే రక్తంలో పిల్ల పురుగులున్న కుక్కకి ఇది వేస్తే షాక్‌లోకి వెళ్లొచ్చు. అందుకే ముందు రక్త పరీక్ష తప్పనిసరి. 1987లో నెలకోసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వచ్చాక డీఈసీ వెనకబడింది. మన దేశంలో ఈ హార్ట్‌వార్మ్ ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. దక్షిణాదిన కుక్కల్లో కనిపించేది ఎక్కువగా దాని చుట్టం, చర్మం కింద ఉండే రకం. మీ కుక్క దగ్గింది కదా అని ఇది చదివి ఇంట్లో ఉన్న బిళ్ల వేసెయ్యకండి, డాక్టర్‌కి చూపించండి.

ఐరోపాలో దూడలకి ఊపిరితిత్తుల పురుగు పెద్ద బెడద. శ్వాసనాళాల్లో పురుగులు నిండి, దూడ మెడ చాచి పొడి దగ్గు దగ్గుతుంది. 1950ల చివర్లో అక్కడ కూడా డీఈసీ వాడారు. మనుషుల ఊపిరితిత్తులకీ ఇది పనికొచ్చింది. మన తీరప్రాంతాల్లో కొందరికి రాత్రిళ్లు తెరలు తెరలుగా దగ్గు, ఆయాసం వస్తాయి. టీబీ అనో ఉబ్బసం అనో పొరబడతారు. ట్రాపికల్ ఇసినోఫిలియా అని 1940ల్లో పేరుపెట్టిన ఈ జబ్బు, ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న ఫైలేరియా పిల్ల పురుగుల మీద ఒళ్లు చూపించే అతి కోపం. మొదట్లో దీనికి ఆర్సెనిక్ మందులిచ్చేవాళ్లు. ఇప్పుడు మూడు వారాల డీఈసీ కోర్సు.

సుబ్బారావు హయాంలో వచ్చిన రెండో పెద్ద మందు మన పల్లెల్లో ఇంకా ఎక్కువ తిరిగింది. యూనివర్సిటీ నుంచి రిటైరైపోయిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌ని డెబ్బై దాటిన వయసులో లెడర్లీ తీసుకుంది. మనకి ముప్పై దాటితే ఏజ్ బార్ అని భయం! ఆయన ఎక్కడెక్కడి నుంచో మట్టి నమూనాలు తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూశాడు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోని మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది.

దీని ప్రత్యేకత తెలియాలంటే కోడి ఛాతీలోకి చూడాలి. కోడికి మనలాగా పొట్టనీ ఛాతీనీ వేరుచేసే పొర ఉండదు. ఊపిరితిత్తులు చిన్నవి, ఉబ్బవు. వాటికి తగిలించిన గాలి సంచులు కొలిమి తిత్తుల్లా గాలిని తోస్తుంటాయి. సీఆర్‌డీ అనే జబ్బులో ఈ గాలి సంచులు మసకబారి, జున్నులాంటి పదార్థం పేరుకుంటుంది. కోడి గురగురమంటుంది, ముక్కు కారుతుంది, తిండి మానేస్తుంది. సంక్రాంతి కోసం ముద్దుగా పెంచుకునే పుంజుకి గురక పట్టిందంటే మావైపు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. దీనికి కారణమైన మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవికి చుట్టూ గట్టి గోడ ఉండదు. పెన్సిలిన్ పనల్లా ఆ గోడ కట్టనివ్వకుండా ఆపడం. గోడే లేనిదాన్ని అదేం చేస్తుంది? టెట్రాసైక్లిన్లు లోపల ప్రొటీన్లు తయారయ్యే యంత్రాన్నే ఆపేస్తాయి. అందుకే ఇక్కడ పనిచేస్తాయి. వైరస్ వల్ల వచ్చే కొక్కెర తెగులుకి మాత్రం ఇవేవీ పనికిరావు, దానికి టీకా ఒక్కటే దారి. వానాకాలం ముందు గేదెలకి వచ్చే గొంతువాపులో గొంతు వాచి, గురక వస్తూ, ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. ఆ జబ్బు మొదట్లోనే పట్టుకుంటే పశువుల డాక్టర్లు వేసే సూదుల్లో ఆక్సీటెట్రాసైక్లిన్ ఒకటి. అది ఆరియోమైసిన్‌కి చెల్లెలు, 1950లో ఫైజర్ తెచ్చింది.

ఈ బంగారానికి ఒక మచ్చ ఉంది. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టి చూస్తే అవి మామూలుకంటే త్వరగా పెరిగాయి. లెడర్లీలోనే జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1950 ప్రాంతంలో ఇది బయటపెట్టారు. జబ్బు లేకపోయినా దాణాలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు అక్కడ మొదలై ప్రపంచమంతా పాకింది. మందుకి లొంగని బ్యాక్టీరియా పెరిగాయి. యూరప్ 2006 నుంచి ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని పూర్తిగా ఆపేసింది. మన ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని పశువులకి, కోళ్లకి, చేపలకి వాడకూడదంది. కోనసీమలో రొయ్యల చెరువు ఉన్న ఏ రైతునడిగినా యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష గురించి గంటసేపు చెబుతాడు. కోళ్ల దాణా సంగతి తేలే నాటికి సుబ్బారావు లేడు. ఉండుంటే ఏమనేవాడో ఊహించడం నా పని కాదు.

ఆఖరి ఏడాది

1948 ఆయన బృందానికి పంట చేతికొచ్చిన సంవత్సరం. ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని లెడర్లీ నుంచి తీసుకుని, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు ఆ ఏడాదే అచ్చయ్యాయి. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. జూలైలో ఆరియోమైసిన్‌ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే చనిపోయాడు. 53 ఏళ్లు. దేశం వదిలి వెళ్లాక ఒక్కసారీ తిరిగి రాలేదు. శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన పోయాక దశాబ్దాలకి పశువుల డాక్టర్లు ఇంకో సంగతి కనిపెట్టారు. కుక్క ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే ఆ పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే పురుగు నీరసపడి, పిల్లల్ని కనలేదు. ఆ బ్యాక్టీరియాని చంపేది టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్. ఇప్పుడు కుక్కల హార్ట్‌వార్మ్ చికిత్సలో పెద్ద పురుగుల్ని చంపే సూది వేసే ముందు దీన్నే ఒక నెల వాడతారు. మనిషి ఫైలేరియా పురుగులోనూ ఇదే బ్యాక్టీరియా ఉంది. ఒకే ఆవరణలో, ఒకే డైరెక్టర్ కింద, వేర్వేరు గదుల్లో మొదలైన రెండు దారులు ఇలా కుక్క ఛాతీలో కలిశాయి.

బైపీసీ చదివి, మెడిసిన్ సీటు రాక, వెటర్నరీ వచ్చిందని మొహం మాడ్చుకునే ఫ్రెండ్స్ నాకున్నారు. వాళ్లలో ఒకడు గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి ఇప్పుడు ఒక మందుల పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. జంతువుల మీద ప్రయోగాలు చేసే ల్యాబ్ నడపాలంటే పశువైద్యుడు ఉండి తీరాలని మన దేశంలో నిబంధన. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యానిమల్ బయోటెక్నాలజీ లాంటి సంస్థల్లో బయాలజీ వాళ్లతోపాటు డేటా పని తెలిసిన ఇంజినీర్లకీ చోటుంది. గేదెల గొంతువాపు టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాద్‌దే. ఉద్యోగాల వెబ్‌సైట్లలో మనం టైప్ చేసే మాటల్లో ఇవి ఎందుకో రావు.

ఇక ఆ తెల్లటి బిళ్ల. విశాఖపట్నంలో ఐసాయ్ అనే జపాన్ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. 2013 నుంచి ఆ కంపెనీ డీఈసీ బిళ్లల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉచితంగా ఇస్తోంది. అవి తయారయ్యేది ఈ విశాఖ ఫ్యాక్టరీలోనే. బోదకాలు ఇంకా మిగిలిన పలు దేశాలకి ఇక్కడి నుంచే పెట్టెలు వెళ్తాయి. అప్పట్లో సైనికులకి ముము అంటించిన పసిఫిక్ ప్రాంతం కూడా ఆ పెట్టెలు చేరే చోట్లలో ఉంది.